మామిడి తోటలో గొర్రెల దొడ్డి

మేము గొర్రెలు పెంచుతున్నామని తెలిసిన నాటి నుంచి, ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం వరండాలో ప్రార్థన కోరేవారితో పాటు కంచె లెక్క అడిగేవారు కూడా నిలబడుతున్నారు. "అయ్యగారూ, ఎకరానికి తీగ ఎంత పడుతుందండీ?" "ఇరవై గొర్రెలు కొంటే ఏడాదికి ఎంత మిగులుతుందండీ?" అడిగేవారిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, గల్ఫు నుంచి తిరిగివచ్చిన యువకులున్నారు, భర్త పోయాక రెండెకరాల తోటను ఏం చేయాలో తెలియని సహోదరి ఒకరున్నారు. వీరందరికీ విడివిడిగా చెప్పేదానికన్నా ఒకచోట వ్రాస్తే మేలని తోచింది. అయితే ఒక మాట. మేము ఈ పనిలో నేర్పరులము కాము. మేము చదివినది వేదాంత డిప్లొమా. గునపం పట్టింది నలభై దాటిన తరువాత. కనుక దీనిని నిపుణుల సలహాగా కాక, దెబ్బలు తిన్నవారి మాటగా చదువుకోవలసిందిగా మనవి.

మా ఊరు చాలామంది చదువరులు బస్సులోనైనా చూసి ఉంటారు. విజయవాడ నుంచి ఏలూరు పోయే పెద్ద రోడ్డును నూజివీడు, గుడివాడ దారి అడ్డంగా దాటేచోట హనుమాన్ జంక్షన్ ఉంది. కూడలిలోని ఆంజనేయస్వామి గుడి వలన ఆ పేరు. రైలు స్టేషనుకు మాత్రం నూజివీడు అని పేరు. కొత్తవారు అక్కడ దిగి నూజివీడు ఏదీ అని వెతుక్కుంటూ ఉంటారు. కూడలికి దక్షిణాన కాలువ నీరు, వరి చేలు. ఉత్తరాన నేల ఎర్రబారి మెట్ట అవుతుంది, అక్కడి నుంచి నూజివీడు దాకా మామిడి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు. ఆ వైపున మా నాన్నగారి నుంచి మాకు రెండెకరాల పాత తోట వచ్చింది. చెట్లు అరవై రెండు. ఒక ఏడు కాస్తే మరుసటి ఏడు కాయవు. కాసిన ఏడు ధర ఉండదు. సంఘమిచ్చే జీతంతో ఇల్లు నడుస్తుంది గాని పిల్లల చదువులు నడవవు. మా అమ్మాయి అప్పుడు నర్సింగులో చేరింది. తోటలో గడ్డి ఊరకే ఎండిపోతున్నది, గొర్రెలు పెట్టుకుంటే ఫీజు గడుస్తుంది కదా అని 2018 చివరిలో మా ఇంటావిడ అన్నది. ఆలోచన ఆమెది. తప్పులన్నీ మావి.

పొడుగు పొలం, పొడుగు కంచె

కంచె ఖర్చు పొలం విస్తీర్ణం మీద కాక దాని చుట్టుకొలత మీద ఆధారపడుతుందని మాకు స్తంభాలు లెక్కపెట్టేదాకా తెలియలేదు. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 70 గజాలు, చుట్టూ 280 గజాలు. నాలుగెకరాలు నలుచదరంగా ఉంటే చుట్టూ 560 గజాలు. అంటే పొలం నాలుగింతలైనా కంచె రెండింతలే. చిన్న రైతుకు కంచె భారమయ్యేది ఇందుకే. దానికి తోడు మన పొలాలు నలుచదరంగా ఎక్కడున్నాయి? అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా అందరికీ రోడ్డు వైపు కాస్త రావాలని పొడుగున చీలుస్తారు. మా రెండెకరాలు 110 అడుగుల వెడల్పు, 790 అడుగుల పొడవు. చుట్టూ 1,800 అడుగులు. అదే రెండెకరాలు నలుచదరంగా ఉండి ఉంటే 1,180 అడుగులతో సరిపోయేది. మూడింట ఒక వంతు కంచె మా తాతగారి పంపకాలకే పోయింది.

2019 ఫిబ్రవరిలో పది అడుగులకొకటి చొప్పున 180 రాతి స్తంభాలు పాతించి, నాలుగు వరసలు ముళ్ళతీగ లాగించాము. రాళ్ళు, తీగ, కూలి అన్నీ కలిపి ఎనభై అయిదు వేలు దాటింది. మా ఇంటావిడ చీటీ పాట డబ్బు అంతా అందులోకే పోయింది. గొర్రెలకు సహకార సంఘంలో అప్పు చేశాము. కంచె పూర్తయిన సాయంత్రం తోట చుట్టూ ఒకసారి తిరిగి, ఇక మన సొత్తు భద్రము అనుకున్నామని ఒప్పుకోవాలి.

ముళ్ళతీగ ఎవరి కోసం పుట్టిందో అప్పుడు ఆలోచించలేదు. అమెరికాలో రాళ్ళూ కలపా దొరకని పెద్ద మైదానాల్లో పశువులను ఆపడానికి జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు 1874లో దానికి పేటెంటు పొందాడు. పెద్ద పశువు రొమ్ముతో తీగను తాకి, ముల్లు గుచ్చుకోగానే వెనక్కు జరుగుతుంది. గొర్రె అలా కాదు. తల దూర్చి తోసుకుంటూ పోతుంది. అందులోనూ మన నెల్లూరు గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తీగ నేరుగా చర్మాన్ని చీరుతుంది. ఆ చీరుకు మీద ఈగ వాలితే నాలుగు రోజుల్లో పురుగులు పడతాయి. పిల్లలైతే అడుగు తీగ కిందుగా దూరిపోతాయి. పిల్ల దూరగలిగిన సందులో కుక్క కూడా దూరగలదు. ఈ సంగతి మాకు ఆగస్టులో తెలిసింది.

మూల స్తంభాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బిగించిన తీగల లాగుడంతా మూల రాయి మీదే పడుతుంది. మధ్య రాళ్ళు తీగను మోస్తాయి అంతే. మేము అన్నింటినీ ఒకేలా అడుగున్నర లోతున పాతించాము. వానలకు ఎర్రనేల మెత్తబడగానే నాలుగు మూలలూ లోపలికి వాలాయి, తీగలు బట్టలారేసే తాడులా వేలాడాయి. మూల రాయి రెండున్నర, మూడు అడుగుల లోతు దిగాలి. తీగ లాగే దిక్కుకు ఎదురుగా ఏటవాలు ఊతరాయి ఉండాలి. పొడుగు కంచెలో మధ్య మధ్య కూడా అటువంటి ఊతం కావాలి. డబ్బు తక్కువైతే మధ్య రాళ్ళలో తగ్గించుకోండి గాని మూలల్లో తగ్గించకండి.

గొర్రెలను ఆ మార్చిలో ఒక వ్యాపారి దగ్గర కొన్నాము. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ఈ ఇరవై, ఒకటి లెక్క మేము కల్పించినది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో కూడా ఒక యూనిట్ అంటే అదే. అప్పట్లో దాని విలువ 1,25,000 రూపాయలు, అందులో నాలుగింట మూడు వంతులు సబ్సిడీ. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద 7 కోట్ల 42 లక్షల గొర్రెలుంటే, తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు తేలాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన తెలుగు నేల మీదే మేస్తున్నాయి. అయినా పళ్ళు చూసి వయసు చెప్పడం మాకు రాదు. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి కొనవలసినది. మాకు వచ్చిన వాటిలో ఆరేడు పళ్ళు అరిగిపోయిన ముసలివి. తెలిసినవారిని వెంట తీసుకువెళ్ళి నోరు తెరిపించి చూడనిదే డబ్బు ఇవ్వకండి.

ఆ రాత్రి

ఆగస్టు నెల, వాన, కరెంటు లేదు. గొర్రెలు తోట మధ్యలో రేకుల పాక కింద ఉన్నాయి. పాకకు తలుపు లేదు. చుట్టూ కంచె ఉంది కదా అని మా ధీమా. పెద్ద రోడ్డు వెంబడి కోళ్ళ వ్యర్థాలు తిని బలిసిన కుక్కలు రాత్రుళ్ళు గుంపులుగా తిరుగుతాయని అందరికీ తెలుసు. వాన హోరులో మాకు ఏమీ వినబడలేదు. తెల్లవారుజామున మా ఇంటావిడ లాంతరు పట్టుకుని వెళ్ళి, కేక వేసింది.

అయిదు గొర్రెలు, రెండు పిల్లలు చచ్చి పడి ఉన్నాయి. మరో తొమ్మిదింటికి తొడల మీద, గొంతుల మీద కాట్లు. చచ్చినవాటిలో రెండింటి మీద గాటు కూడా లేదు. కంచె మూలకు తోసుకుపోయి ఒకదాని కింద ఒకటి నలిగి ఊపిరాడక పోయాయి. కుక్కలను ఆపని కంచె గొర్రెలను మాత్రం పారిపోకుండా ఆపింది. మనుషులను సమాధి చేయడం అలవాటైన మాకు ఆ ఉదయం గుంట తవ్వుతుంటే చేతులు వణికాయి. మా అమ్మాయి రెండవ సంవత్సరం ఫీజు అందులో పూడ్చినట్టే అనిపించింది.

ఎవరు చెప్పారో గాని ఎండ ఎక్కేసరికి ఊరి గొర్రెల కాపరి వచ్చాడు. డెబ్బై ఏళ్ళవాడు. మా నాన్నగారి కాలం నుంచి మాకు తెలిసినవాడే, మేము బాబాయ్ అని పిలుస్తాము. అయితే ఆ ఏడు అంతా అతడు మా తోట వైపు రాలేదన్న సంగతి మేము గమనించలేదు. వచ్చినవాడు ఏమీ మాట్లాడకుండా గాయపడిన గొర్రెలను ఒక్కొక్కటే పడుకోబెట్టి, గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, ఉప్పునీళ్ళతో కడిగి, పసుపూ వేపనూనే పట్టించాడు. పశువుల డాక్టరుగారు మధ్యాహ్నం వచ్చి సూదిమందులు వేసి, కుక్క కరిచినవాటికి పిచ్చికుక్క టీకా కూడా వేయించాలని చెప్పారు. కాపరి చేసిన పనిని చూసి ఆయన, "ఇంతకన్నా నేనూ చేసేది లేదు" అన్నారు.

సాయంత్రం టీ తాగుతూ కాపరి కంచె వైపు చూసి, "అయ్యగారూ, కంచె కుక్కకెయ్యాలండీ, గొర్రెక్కాదు. గొర్రెకి మడిసి కావాల" అన్నాడు.

మా ఇంటావిడ మాట మార్చడానికన్నట్టు, "నీ గొర్రెలెన్ని బాబాయ్ ఇప్పుడు?" అని అడిగింది.

"డెబ్బై ఉండేయమ్మగారూ. ఎండాకాలంలో రోడ్డు మీద లారీ కింద మూడు పోయినయ్."

"రోడ్డెందుకెక్కించావు? చెరువుకి లోపల్నుంచే కదా తోలుకెళ్ళేవాడివి?"

అతడు జవాబు చెప్పలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, తువ్వాలు దులుపుకుని లేచాడు. అతడు వెళ్ళిపోయాక మా ఇంటావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమెకు ముందు అర్థమైంది, మాకు తరువాత. అతడు ముప్ఫై ఏళ్ళుగా గొర్రెలను చెరువుకు తోలుకు వెళ్ళిన దారి మా తోట అంచునే. ఫిబ్రవరిలో మేము దానికి అడ్డంగా నాలుగు వరసల ముళ్ళతీగ లాగాము. ఆ మే నెలలో, మామిడి లారీలు వరసకట్టి తిరిగే రోజుల్లో, అతడు మంద మొత్తాన్ని నూజివీడు రోడ్డు మీదుగా చుట్టూ తోలుకు వెళ్ళాడు. మూడు గొర్రెలు పోయాయన్న మాట మేము అప్పుడే విన్నాము కూడా. పాపం అనుకుని ఊరుకున్నాము.

మా నాన్నగారు ఏటా కాయ కోత అయ్యాక అతడి చేత తోటలో రెండు మూడు రాత్రులు మంద కట్టించేవారు. బదులుగా బియ్యం, కొంత డబ్బు ఇచ్చేవారు. డెబ్బై గొర్రెలు ఒక రాత్రి పడుకుని లేచిన నేల మరుసటి ఏడు ఎలా ఉంటుందో చెట్టే చెబుతుంది. మేము కంచె వేసి ఆ ఎరువును కూడా బయటికి నెట్టి, అదే ఏడు బస్తాల ఎరువు కొన్నాము.

దారి విడవాలని ఇద్దరమూ అనుకున్నాము. పక్క పొలం మా తమ్ముడిది. "నీ వైపే పోనీ అన్నయ్యా, నా వైపు మాత్రం సెంటు కూడా ఇవ్వను" అన్నాడు. కోర్టు పనులు తెలిసిన సంఘపెద్ద ఒకరు మమ్మల్ని హెచ్చరించారు: 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారి మీద నడిచినవారికి హక్కు ఏర్పడుతుంది, తెలిసి తెలిసి ఎందుకు ఇరుక్కుంటారు అని. ఆయన మా మేలు కోరే అన్నారు. కాని ఆ మాట వినగానే మాకు తట్టింది వేరు. అతడు నడిచినవి ఇరవై కాదు, ముప్ఫై ఏళ్ళు. పొరుగువాని పొలిమేర రాయి జరపకూడదని ధర్మశాస్త్రములో ఉన్న మాటను మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. మేము రాయి జరపలేదు నిజమే. రాళ్ళు 180 పాతాము.

ఒక పొడుగు వైపు రాళ్ళన్నీ పీకించి ఎనిమిది అడుగులు లోపలికి జరిపి పాతించాము. మూడు రోజుల కూలి, పధ్నాలుగున్నర సెంట్ల నేల. ఈసారి మూల రాళ్ళకు ఊతం పెట్టించాము.

రాత్రి దొడ్డి వేరు, పగటి కంచె వేరు

కాపరి అన్న మాటను కాగితం మీద పెట్టి చూస్తే లెక్క పూర్తిగా మారిపోయింది. పగలు గొర్రెలకు కంచె కన్నా మనిషి ముఖ్యం. రాత్రి మనిషి నిద్రపోతాడు గనుక కంచె కావాలి. రాత్రి గొర్రెకు కావలసిన చోటు ఎంత? పెద్ద గొర్రెకు పది చదరపు అడుగులు. ఇరవై గొర్రెలకు, పిల్లలకు కలిపి 15 అడుగులు, 20 అడుగుల కొట్టం చాలు. దాని చుట్టుకొలత 70 అడుగులు! 1,800 అడుగుల కంచెను కుక్క దూరకుండా చేయాలంటే మా తరం కాదు. 70 అడుగులను ఇనుప పెట్టెలా చేయడం ఎవరి తరమైనా అవుతుంది. ఉన్న డబ్బు ఆ డెబ్బై అడుగుల మీద పెట్టండి. అడిగేవారందరికీ మేము మొదట చెప్పే మాట ఇదే.

ఆ దొడ్డి ఎలా కట్టామో చెబుతాము. అయిదడుగుల ఎత్తు చైన్‌లింక్ జాలీ తీసుకున్నాము. కన్ను రెండు అంగుళాలు. ఇందులో జాగ్రత్త ఉంది. ఆరంగుళాల కన్ను ఉన్న జాలీ చవకగా వస్తుంది గాని, గొర్రె తల దూరి వెనక్కు రాలేని కన్ను అన్నింటికన్నా ప్రమాదం. నెల్లూరు జాతిలో ఆడవాటికి కొమ్ములుండవు గనుక ఎలాగో లాక్కుంటాయి; పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఇరుక్కుంటే ఎండలో నిలబడి చావడమే. తీగ గేజి సంగతి కూడా దుకాణంలో తికమకగా ఉంటుంది. నంబరు పెరిగితే తీగ సన్నమవుతుంది. 12 గేజి తీగ రెండున్నర మిల్లీమీటర్లకు పైగా మందం, 14 గేజి రెండు మిల్లీమీటర్లు. మేము 12 తీసుకున్నాము. కుక్క పైనుంచి దూకడం తక్కువ, కింద తవ్వడం ఎక్కువ. అందుకని జాలీ అడుగున మరో అడుగున్నర జాలీని బయటివైపు నేల మీద పరిచి, దాని మీద రాళ్ళు పేర్చి మట్టి కప్పాము. కుక్క కంచె మొదట్లో తవ్వబోతే కాళ్ళకు తీగే తగులుతుంది. వెనక్కు జరిగి తవ్వాలన్న తెలివి దానికి రాదు. గేటు కింద సందు నాలుగు వేళ్ళకు మించకూడదు. గేటు కింద సిమెంటు గడప కట్టించాము.

బయటి ముళ్ళతీగను తీసివేయలేదు. రోడ్డు వైపు పశువులు రాకుండా దాని పని అది చేస్తుంది. అడుగు వరస మాత్రం విప్పి, ఆ జాగాలో వాక మొక్కలు నాటాము. వాక ముల్లు ముళ్ళతీగకు తీసిపోదు, పైగా వాక్కాయ పప్పులోకి వస్తుంది. మధ్య మధ్య గ్లిరిసిడియా కొమ్మలు పాతితే అవే చిగిర్చి సజీవ స్తంభాలయ్యాయి. ఆకు గొర్రెలకు మేత. సుబాబుల్ కూడా మంచిదే గాని మేతలో మూడో వంతుకు మించితే అందులోని విషపదార్థం వలన వెంట్రుకలు రాలతాయి.

చదువరులారా, ఇక్కడ మా సిగ్గు ఒకటి చెప్పుకోవాలి. యోహాను సువార్త పదవ అధ్యాయము మీద ఇరవై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాము. దొడ్డి అనగానే మా మనసులో ఉన్న బొమ్మ క్యాలెండర్లలో కనిపించేది: పచ్చిక బయలు, చుట్టూ తెల్లని కంచె, మధ్యలో గొర్రెలు. కాని ఆ దేశపు దొడ్డి మేత భూమికి వేసిన కంచె కాదు. రాళ్ళు పేర్చి పైన ముళ్ళకంప పెట్టిన చిన్న రాత్రి దొడ్డి. పగలంతా గొర్రెలు బయటే, కాపరి వెంటే. ఆ అధ్యాయములో గొర్రెలు లోపలికీ బయటికీ పోవడం గురించి స్పష్టంగానే ఉంది. మా బాబాయ్ ఆ అధ్యాయము చదవలేదు. అతడి దొడ్డి మాత్రం అలాగే ఉంటుంది.

మామిడి చెట్ల కింద

తోటలో గొర్రెలను మేపితే రెండు లాభాలు. గడ్డి కోత కూలి తప్పుతుంది, ఎరువు పడుతుంది. రాలిన కాయలను ఏరుకు తినడం వలన పండుఈగ కూడా తగ్గుతుంది. దాని పురుగు రాలిన కాయలోంచే నేలలోకి దిగి కోశస్థ దశకు పోతుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చి కాయ విపరీతంగా రాలిన రోజున గొర్రెలను వదలకండి. పొట్ట నిండా పండు తింటే కడుపులో పులుపు పెరిగి పడిపోతాయి. టెంక గొంతుకు అడ్డుపడే ప్రమాదమూ ఉంది. ముందు మనం ఏరుకుని, మిగిలినదానికే వాటిని వదలాలి. నెల్లూరు గొర్రె పొడగరి, మెడ చాచితే కింది కొమ్మలన్నీ దానివే. పెద్ద చెట్లకు ఫరవాలేదు గాని కొత్తగా నాటిన మొక్కలకు విడిగా చిన్న కంచె వేయాలి.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం కంటికి కనబడదు. మామిడికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పూత సమయంలో, తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందులు కొడతాము. మచ్చ తెగులుకు రాగి మందులు, అంటే కాపర్ ఆక్సీక్లోరైడ్, మైలుతుత్తం సున్నంతో కలిపిన బోర్డో మిశ్రమం వాడతాము. గొర్రె ఒంటికి రాగి పడదు. పశువు తట్టుకున్నంత కూడా గొర్రె తట్టుకోలేదు. ఆకుల మీది నుంచి గడ్డి మీద కారిన రాగి కొంచెం కొంచెంగా గొర్రె కార్జంలో చేరి, వారాల తరబడి ఏమీ తెలియనివ్వకుండా ఉండి, ఒక రోజు హఠాత్తుగా కళ్ళు పచ్చబడి, మూత్రం ఎర్రబడి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. గేదెలకు పెట్టే ఖనిజ లవణ మిశ్రమంలో కూడా రాగి ఉంటుంది, అది గొర్రెలకు పెట్టకండి. పూతకాలమంతా మా గొర్రెలు తోటలో అడుగుపెట్టవు. వాటికోసం దొడ్డి పక్కన పదిహేను సెంట్లలో దశరథ గడ్డి, గట్ల మీద అవిశ వేశాము. ఒక గొర్రెకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి మేత కావాలి. ఆ లెక్క వేసుకోకుండా రెండెకరాల్లో యాభై గొర్రెలు పెడతామని వచ్చేవారికి మేము వద్దనే చెబుతాము.

టీకాల విషయంలో బేరం లేదు. వానలకు ముందు చిటుకు రోగం టీకా. చిటికె వేసినంతలో చంపుతుంది గనుక దానికి ఆ పేరు. లేత గడ్డి ఆబగా తిన్న బలిసిన గొర్రెనే ముందు పడుతుంది. పి.పి.ఆర్. అనే పారుడు రోగానికి ఒకసారి టీకా వేస్తే మూడేళ్ళ దాకా కాపు. ఈ రోగాన్ని 2030 నాటికి భూమి మీద లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. నీలి నాలుక వ్యాధి వానాకాలంలో చిన్న దోమ వంటి పురుగుల ద్వారా వస్తుంది, దొడ్డి చుట్టూ బురద లేకుండా చూడాలి. అనుమానం వస్తే మాకు దగ్గరలో గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది; మామిడికైతే నూజివీడులో మామిడి పరిశోధనా స్థానం ఉంది. అడిగితే చెప్పేవారు ఉండగా అడగకపోవడం మన తప్పే.

కరెంటు తీగ

కుక్కల సంగతి విన్నవారిలో ముగ్గురు మాకు ఒకే సలహా ఇచ్చారు. "మోటారు దగ్గరి నుంచి తీగకు కరెంటు తగిలించండి, ఏదీ రాదు." మెట్ట ప్రాంతంలో అడవిపందుల కోసం ఈ పని రహస్యంగా చేసేవారు చాలామంది ఉన్నారు. దయచేసి చేయకండి. మేము ఒక యువకుణ్ణి సమాధి చేశాము. రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళి పక్క చేనులోని తీగ మీద పడ్డాడు. పెళ్ళై పదకొండు నెలలు. తీగ పెట్టినవాడు కూడా మా సంఘస్థుడే, సమాధి కార్యక్రమానికి రాలేక ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఆ తరువాత కేసు, జైలు. రెండు కుటుంబాల్లోనూ ఈనాటికీ సరైన నిద్ర లేదు.

ఇంటి కరెంటు 230 వోల్టులు ఆగకుండా ప్రవహిస్తుంది, పట్టుకున్నవాణ్ణి వదలదు. సోలారు కంచె అని అమ్మేది వేరు. దానిలోని యంత్రం క్షణానికి ఒకసారి, క్షణంలో అతి చిన్న భాగం పాటు మాత్రమే దెబ్బ కొట్టి ఆగుతుంది. బాధిస్తుంది, చంపదు. కావాలంటే అది కొనుక్కోండి, హెచ్చరిక బోర్డు పెట్టండి. మోటారు పెట్టె నుంచి మాత్రం తీగ లాగకండి.

ఇక డబ్బు లెక్క. మొదటి రెండేళ్ళు నష్టమే. గొర్రె అయిదు నెలలు మోసి ఈనుతుంది, మన నెల్లూరు జాతికి ఎక్కువగా ఒక్కటే పిల్ల. బాగా చూసుకుంటే రెండేళ్ళకు మూడు ఈతలు. 2021 నుంచి ఏటా పదిహేను దాకా పిల్లలను అమ్ముతున్నాము. అప్పు తీరింది. మా అమ్మాయి మూడవ, నాలుగవ సంవత్సరాల ఫీజుల్లో కొంత గొర్రెలే కట్టాయి. మిగతాది మా ఇంటావిడ రెండో చీటీ కట్టింది. ఇంతకు మించి ఎవరైనా లాభం చెబితే వారి దొడ్డిని రాత్రిపూట చూసి రండి.

దారి విడిచిన తరువాతి వేసవి నుంచి బాబాయ్ గొర్రెలు మళ్ళీ మా తోట అంచున నడిచాయి. కోత అయ్యాక రెండు రాత్రులు మంద కట్టేవాడు. మా గొర్రెలు దొడ్డిలోంచి, అతడివి బయటి నుంచి ఒకదానినొకటి పిలుచుకుంటుంటే ఆ రాత్రుళ్ళు మాకు నిద్ర ఉండేది కాదు.

నిరుడు మా తోట చివర ఉన్న పొలం ప్లాట్ల వెంచరు అయింది. చుట్టూ సిమెంటు పలకల గోడ లేచింది. మా డొంక ఇప్పుడు ఆ గోడ దగ్గర ఆగిపోతుంది. గోడ అవతలి నుంచి చెరువు దాకా ఉన్నది రికార్డుల్లో డొంక పోరంబోకు. గ్రామ పటంలో చుక్కల గీతగా ఉన్నదాన్ని మా అబ్బాయి ఫోనులో ఫోటో తీసుకున్నాడు. బాబాయ్ వేలిముద్ర, మా సంతకం, మా తమ్ముడి సంతకం పెట్టి తహశీల్దారు గారికి అర్జీ ఇచ్చాము. తమ్ముడు అడగకుండానే సంతకం పెట్టాడు. సర్వేయరు ఒకసారి వచ్చి చూసి వెళ్ళాడు, మళ్ళీ వస్తానన్నాడు.

అంతవరకు మంద రోడ్డు మీదుగానే పోతున్నది. బాబాయ్ వెనక నడుస్తాడు. ఇంటరు చదివే మా అబ్బాయి కాలేజీ లేని రోజుల్లో ఎర్ర తువ్వాలు కర్రకు కట్టుకుని, లారీలకు కనబడేలా ముందు నడుస్తాడు.